తొలి తిప్పు

కోనసీమలో గన్నవరం దగ్గర, గోదావరి పాయ వైనతేయం మీద 49 కమానుల అక్విడెక్టు లేచేదాకా నగరం లంకకు కాలవ నీరు లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ వెంటనే, ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కింద పనిచేసే లెఫ్టినెంట్ హేగ్, 40 అడుగుల కమానులను వరసగా నిలబెట్టి, నది మీదుగానే కాలవను అవతలి గట్టుకు దాటించాడు. అప్పటినుంచి మామిడికుదురు, పాశర్లపూడి, ఆదుర్రు, నగరం ఊళ్ళ చేలకు గోదావరి నీరు తనంతట తానే నడిచొస్తోంది. నీరు పల్లమెరుగు అన్న ఒక్క సంగతి మీద సార్వా అంతా పండేది. ఏతాం తొక్కే పని, మోట తోలే పని చాలా చేలకు తప్పిపోయాయి.

ఇలాంటి సీమకు ఇంజను పొలం గట్టు మీదుగా రాలేదు. బియ్యం మిల్లు గుమ్మంలోంచి, రేవులో పడవ అడుగునుంచి వచ్చింది. శివారు చేలకు నీళ్ళు ఎక్కించడానికి, ముంపు తోడడానికి, దాళ్వాకు కాలవ చాలని చోట ఆదుకోవడానికి ఆ తర్వాత వెళ్ళింది. ఎటునుంచి వచ్చినా ఒక చిక్కును వెంటబెట్టుకునే వచ్చింది. నీరు తనంతట తాను కదులుతుంది, ఇంజను కదలదు. దాన్ని మొదటిసారి ఎవరో తిప్పాలి. ఆ తొలి తిప్పు మనిషి చేతినుంచి తాడుకు, తాడునుంచి మోటారుకు, చివరకు రేడియోతో నడిచే బుల్లి నైట్రో కారు కింద పెట్టే స్టార్టర్ బాక్సుకు చేరింది. ఆ పెట్టె కొనేవాడు అడగాల్సిన ప్రశ్నలు చాలావరకు పంపు షెడ్లలో ఎప్పుడో అడిగేసినవే.

తొలి తరం ఆయిల్ ఇంజన్లు నిప్పు చూపిస్తే గాని లేచేవి కావు. ఇంగ్లండులో గ్రాంథమ్ ఊరి హార్న్స్‌బీ కంపెనీ 1892 నుంచి అమ్మిన హార్న్స్‌బీ-అక్రాయిడ్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు లేదు. సిలిండరు తల వెనక ఒక ఇనప బుడ్డి ఉండేది. బ్లో ల్యాంపుతో ఆ బుడ్డిని కొన్ని నిమిషాలు బాగా కాల్చి, ఫ్లై వీలు అంచు పట్టుకుని ఊపితే ఇంజను అందుకునేది. నడక మొదలయ్యాక దీపంతో పనిలేదు, లోపలి మంటల వేడికే బుడ్డి కాలుతూ ఉంటుంది. ఈ బుడ్డిని గుర్తుపెట్టుకోవాలి. అరవై ఏళ్ళు తిరక్కుండానే అది కందిగింజంత అయి మళ్ళీ వస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు, ఆయిల్ ఇంజనుతో నీళ్ళు తోడవచ్చని రైతులకు చేసి చూపించడమే పనిగా పెట్టుకున్నాడు. బావుల మీద బతికే జిల్లాలకు అది పెద్ద కబురు. కాలవలు పారే గోదావరి, కృష్ణా డెల్టాల్లో మాత్రం ఇంజనుకు దొరికిన పెద్ద పని ధాన్యం ఆడించడం.

తర్వాత వచ్చిన డీజిల్ ఇంజనుకు దీపం అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. బాగానే ఉంది గాని, మొదటిసారి ఆ గాలిని నొక్కేదెవరు? డర్స్‌లీలో తయారైన లిస్టర్ సీఎస్ ఇంజను 1930 ప్రాంతంలో బయటికొచ్చింది. ఆరు హార్స్‌పవరు రకానికి ఒకటే సిలిండరు, సుమారు 1,430 సీసీ. రెండు పక్కలా బరువైన ఫ్లై వీళ్ళు. నిమిషానికి 650 చుట్లే తిరుగుతుంది గాని ఆ తిరగడంలో ఏనుగు నడక ఠీవి ఉంది. ఇంగ్లండులో దాని తయారీ 1987లో ఆగినా, రాజ్‌కోట్ ఫౌండ్రీలు దాని నకళ్ళను పోత పోస్తూనే వచ్చాయి. మన దేశంలో కిర్లోస్కర్లూ డీజిల్ ఇంజన్లు చేశారు. పుణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ కంపెనీ 1946లో పుట్టింది. వాళ్ళ ఏవీ1 రకం 553 సీసీ, ఐదు హార్స్‌పవరు, నిమిషానికి 1,500 చుట్లు. పల్లెలో ఆయిల్ ఇంజను అనగానే చాలామందికి కళ్ళ ముందు మెదిలేది ఇలాంటిదే.

దాన్ని లేపే విద్య పక్కన నిలబడి చూస్తే వచ్చేది. ముందు డీజిల్ పైపులో గాలి తీయాలి. డీకంప్రెషన్ లివరు ఎత్తి పెట్టాలి. అప్పుడు వాల్వు కాస్త తెరుచుకుని ఉండి పిస్టనుకు అడ్డు తగలదు. హ్యాండిల్ తొడిగి, మెల్లగా మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ పోవాలి. ఫ్లై వీలు ఊపందుకుని ఇంజెక్టరు కిర్రుమని పలికాక లివరు వదలాలి. అంతదాకా పోగేసిన ఊపే ఆ మొదటి నొక్కుడును దాటించాలి. దాటిందా, డుగ్గుడుగ్గుమని అందుకుంటుంది. దాటలేదా, హ్యాండిల్ ఎదురు కొడుతుంది. బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంచాలి గాని హ్యాండిల్ చుట్టూ బిగించకూడదన్నది అందుకే తొలి పాఠం. ఎదురు కొట్టినప్పుడు బిగించిన బొటనవేలే ముందు విరుగుతుంది. బుల్లెట్టు బండి తొక్కిన పాతతరానికీ ఈ లెక్క తెలుసు. అమ్మీటరు ముల్లు నడిమధ్యకు వచ్చేదాకా కిక్కును నెమ్మదిగా జార్చి, చిన్న లివరు నొక్కి పిస్టనును కాస్త దాటించి, అప్పుడు ఒక్క తాపు. కండబలంతో పైపైన తొక్కేవాడు చెమట పడతాడు, పిస్టను ఎక్కడుందో తెలిసినవాడు బండెక్కి వెళ్ళిపోతాడు.

కాలవ గట్ల మీద తాడుది రాజ్యం. పెట్రోలుతో లేచి కిరోసిన్‌కు మారే చిన్న పంపు ఇంజనుకు ఫ్లై వీలు పక్కన గాడి ఉంటుంది. తాడు కొసన ముడి వేసి, ఆ ముడిని గాడి గంటులో ఇరికించి, మూడు నాలుగు చుట్లు చుట్టి ఒక్క గుంజు గుంజాలి. తాడు పూర్తిగా ఊడి చేతికి రావాలి. అందుకే కొసను చేతికి చుట్టుకోకూడదంటారు. ఇంజను ముందే అందుకుంటే తాడుతోపాటు చేతినీ లాక్కుపోతుంది. రేవుల్లో సంగతి ఇంకా గడ్డు. బోడసకుర్రు వంతెన రాకముందు పాశర్లపూడి వైపునుంచి అమలాపురం వెళ్ళాలంటే వైనతేయాన్ని రేవులోనే దాటాలి. సఖినేటిపల్లి, నరసాపురం నడుమ వశిష్ఠ మీద పంటు ప్రయాణం ఈ శతాబ్దంలోనూ సాగింది. నడి ఏట్లో ఇంజను ఆగిన పడవ వాలుకు కొట్టుకుపోతుంది. అలాంటిచోట సరంగుకు తన ఇంజను ఎన్నో తాపుకు లేస్తుందో ముందే తెలిసి ఉండాలి.

కరెంటు మోటార్లు వచ్చాక హ్యాండిళ్ళు షెడ్డు మూలకు చేరాయి. 1996 నవంబరు 6 తుఫాను కొబ్బరిచెట్లను, కరెంటు స్తంభాలను ఒకే ఊపులో పడగొట్టినప్పుడు మీట నొక్కితే తిరిగేవన్నీ మూగబోయాయి. హ్యాండిల్‌తోనో తాడుతోనో లేచేవాటికే అప్పుడు మళ్ళీ విలువ వచ్చింది.

మనిషి చేతినుంచి ఈ పనిని తప్పించిన ఘనత అమెరికాలో డేటన్ నగరానికి చెందిన చార్లెస్ కెటరింగ్‌ది. హ్యాండిల్ ఎదురు కొట్టి తన మిత్రుడు చనిపోయాడని క్యాడిలాక్ అధిపతి హెన్రీ లీలండ్ చలించిపోయి కెటరింగ్‌ను పిలిపించాడని ఒక కథ చెబుతారు. కథలోని చిలవలు పలవలు ఎలా ఉన్నా, 1912 క్యాడిలాక్ కారు సెల్ఫ్ స్టార్టరుతోనే అమ్ముడైంది. అంతకుముందు ఇంజనీర్ల బెంగంతా ఒక్కటే. ఇంజనును తిప్పగల ఎలక్ట్రిక్ మోటారు కావాలంటే అది ఇంజనంత ఉండాలి కదా! కెటరింగ్ దుకాణాల్లో డబ్బులు లెక్కపెట్టే యంత్రాలకు మోటారు బిగించినవాడు. చిన్న మోటారుకు దాని శక్తికి మించిన పని అప్పగించినా, కొన్ని సెకన్లే అయితే కాలిపోదని ఆ అనుభవంతో తెలుసు. స్టార్టరు రోజంతా తిరగనక్కర్లేదు. క్షణంసేపు విరుచుకుపడి తప్పుకుంటే చాలు. స్టార్టర్ బాక్సు అనే వస్తువు మొత్తం ఈ ఒక్క తెలివి మీదే నిలబడి ఉంది. పది సెకన్లకు మించి దాన్ని నొక్కిపట్టేవాడు కెటరింగ్ కనిపెట్టినదాన్ని కాల్చేస్తున్నట్టే.

ఇక బుల్లి ఇంజన్ల సంగతి. 1930ల్లో అమెరికాలో బిల్ బ్రౌన్ తయారుచేసిన బ్రౌన్ జూనియర్ వంటి మోడల్ విమానాల ఇంజన్లు స్పార్కుతో నడిచేవి. అరచేతిలో ఇమిడే ఇంజనుకు కాయిలు, కండెన్సరు, బ్యాటరీ మోసుకెళ్ళడం విమానానికి తలకు మించిన భారం. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును బజారులోకి తెచ్చి ఈ బరువంతా దించేశాడు. ప్లగ్గు అడుగున ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట ఉంటుంది. ఒకటిన్నర వోల్టుల సెల్లు తగిలిస్తే ఎర్రబడుతుంది. ఇంజను అందుకున్నాక సెల్లు తీసేసినా ఆరదు. ఇంధనంలోని మెథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు పుట్టే వేడి, మంట తాలూకు వేడి కలిసి తీగను అలాగే మండిస్తాయి. హార్న్స్‌బీ ఇనప బుడ్డి చేసిన పని ఇదే. బ్లో ల్యాంపు స్థానంలో సెల్లు వచ్చింది, అంతే తేడా.

ఈ ఇంజన్లు తాగే ఇంధనం కోనసీమవాళ్ళకు మరీ పరాయిది కాదు. అందులో ఎక్కువ భాగం మెథనాల్, పోటీల కార్లకైతే 16 నుంచి 30 శాతం దాకా నైట్రోమీథేన్, మిగిలింది నూనె. ఆ నూనెల్లో నేటికీ పేరున్నది ఆముదం. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టచేలలో ఒకప్పుడు విరివిగా పండిన ఆముదమే, మొదటి ప్రపంచ యుద్ధంనాటి విమానాల ఇంజన్లకూ కందెన. ఎంత వేడికైనా లోహాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది, తుప్పునూ ఆపుతుంది. మెథనాల్ తయారీకి ముఖ్యమైన ముడిసరుకుల్లో సహజ వాయువు ఒకటి. ఆ వాయువు మామిడికుదురు కాళ్ళ కిందే ఉంది. పొరుగున తాటిపాకలో ఓఎన్‌జీసీ 2001 నుంచి ఏటా 66,000 టన్నుల సామర్థ్యంతో చిన్న రిఫైనరీ నడుపుతోంది.

మంట గురించి మామిడికుదురు మండలానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ వెలుగు మైళ్ళ దూరానికి కనిపించింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. మెథనాల్ మంటది ఇంకో తీరు. పట్టపగటి ఎండలో దాదాపు కంటికే కనబడదు. కారు దగ్గర వేడి తగులుతోంది, మంట మాత్రం లేదు అనిపిస్తే అప్పటికే అంటుకుందన్నమాట. మెథనాల్ నీళ్ళలో కలిసిపోతుంది కాబట్టి పక్కన నిండు బకెట్టు ఉంచుకోవడం ఏ సామాను కొనడం కన్నా ముందు చేయాల్సిన పని.

జపానులో క్యోషో కంపెనీ ఇంజనుతో నడిచే రేడియో కారు డ్యాష్-1ను 1970లో తెచ్చింది. ఒకటికి ఎనిమిదో వంతు కొలత కార్లకు తొలి ప్రపంచ పోటీ 1977లో జెనీవాలో జరిగింది. ఆ తొలి కార్లలో కొన్నింటిని లేపిన పద్ధతి కాలవ గట్టు మనిషికి చూపిస్తే నవ్వుకునేవాడు. ఫ్లై వీలు గాడికి తాడు చుట్టి గుంజడమే! తర్వాత తాడు ఇంజను వెనకే స్ప్రింగుతో చుట్టుకుని ఉండే పుల్ స్టార్టు వచ్చింది. పెట్టెలోంచి తీసి నడిపేసే కార్లకు ఇప్పటికీ అదే. పోటీలకు వెళ్ళేవాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. బరువు పెరుగుతుంది, ఇంజను వెనక మూతలో గాలి చొరబడే సందు ఇంకొకటి పుడుతుంది, తాడు తెగుతుంది, వన్ వే బేరింగు అరుగుతుంది. దాంతో తిప్పే సరంజామా మొత్తాన్నీ కారులోంచి తీసి నేలమీద ఒక పెట్టెలో పెట్టేశారు. పెట్టె పైన రబ్బరు చక్రం, లోపల మోటారు, దానికో బ్యాటరీ. కారును పైన పెట్టి నొక్కితే, అడుగునున్న కంతలోంచి రబ్బరు చక్రం ఫ్లై వీలును తాకి తిప్పుతుంది.

తిప్పాల్సింది ఎంత? పోటీ కార్లలో పేరున్న ఇంజను 3.5 సీసీ. లిస్టర్ సిలిండరులో ఇలాంటివి నాలుగు వందలు పడతాయి. కానీ లిస్టరు 650 చుట్ల దగ్గర ఆగితే ఇది 30,000 దాటుతుంది. పైగా దీని పిస్టనుకు రింగులుండవు. సిలిండరు పైకి వెళ్ళేకొద్దీ ఇరుకవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టను పైకొచ్చి బిగుసుకుంటుంది, వేడెక్కాక సరిగ్గా కూర్చుంటుంది. కొత్త ఇంజను మరీ మొండి. అందుకే హీట్ గన్‌తో తలను కాస్త వెచ్చబెట్టి తిప్పేవాళ్ళున్నారు. బాక్సు ఎంచుకోవడంలో మోటారు బలం ఇక్కడ లెక్కకొస్తుంది. ఒకటికి పదో వంతు కారులోని చిన్న ఇంజనుకు ఒక్క మోటారు పెట్టె చాలు. 3.5 సీసీ బగ్గీకి పెద్ద మోటారో, జంట మోటార్లో, పళ్ళ గేరుతోనో బెల్టుతోనో బలం పెంచినదో కావాలి.

బలం ఎక్కువైతే మంచిదేగా అనుకోవడం దగ్గరే కొత్తవాళ్ళు ఇంజన్లు పాడుచేస్తారు. ఇంధనం ఎక్కువై సిలిండరులో నిండితే పిస్టను పైకి వెళ్ళడానికి చోటుండదు, ద్రవం నొక్కుకుపోదు. చేతితో గుంజేవాడికి తాడు బిగుసుకుని ఆ సంగతి తెలిసేది. జంట మోటార్ల పెట్టెకు ఆ స్పర్శ లేదు, కనెక్టింగ్ రాడ్డును వంచేదాకా తోస్తుంది. చక్రం ఫ్లై వీలు మీద జారుతూ కీచుమంటే ఇంకా గట్టిగా అదమకూడదు. ప్లగ్గు విప్పి, కారును తిరగేసి, తిప్పి, ఇంధనాన్ని బయటికి చిమ్మించాలి. డీకంప్రెషన్ లివరు ఎందుకుందో తెలిసిన పంపు డ్రైవరుకు ఇది వివరించనక్కర్లేదు.

దిక్కు ఇంకో గొడవ. కారు ఇంజన్లు ఫ్లై వీలు వైపునుంచి చూస్తే గడియారం ముళ్ళకు ఎదురుగా తిరుగుతాయి. కాబట్టి కిందనుంచి తాకే చక్రం గడియారం ముళ్ళ వాటాన తిరగాలి. బ్యాటరీ తీగలు తారుమారైనా, కారును పెట్టె మీద వెనకది ముందు చేసి పెట్టినా లెక్క తప్పుతుంది. టూ స్ట్రోక్ ఇంజను కుంటుతూ వెనక్కి కూడా అందుకోగలదు. ఇంజను అడ్డంగా కూర్చునే రోడ్డు కార్లకూ నిలువుగా కూర్చునే బగ్గీలకూ ఫ్లై వీలు కంత వేరు చోట, వేరు వాటంలో ఉంటుంది. చక్రాన్ని జరుపుకోవడానికి, కారును నిలిపే గుబ్బల్ని మార్చి బిగించుకోవడానికి వీలున్న పెట్టె అయితే రేపు కారు మార్చినా పనికొస్తుంది. ఒకే కారు కోసం చేసినది చవగ్గా వస్తుంది గాని, ఇంకో కారుకు అది వట్టి డబ్బా. గుబ్బలు బిగించేటప్పుడు చక్రం ఫ్లై వీలు నడుమన తాకుతోందా, చాసిస్ అంచును గీరుతోందా అని కిందనుంచి ఒకసారి చూడాలి.

పై పలకను అదిమితే తిరిగేవి కొన్ని, పక్కన మీట ఉన్నవి కొన్ని. ఒక చేత్తో గ్లో ప్లగ్గు సెల్లు పట్టుకుని రెండో చేత్తో కారును అదిమేవాడికి మొదటి రకమే హాయి. ఆ మాటకొస్తే ఇదంతా కొన్నాళ్ళ ముచ్చటే కావచ్చు. బ్రష్‌లెస్ మోటారు, లిథియం బ్యాటరీ కార్లకు తొలి తిప్పే అక్కర్లేదు. యూరపులో 2021 నుంచి లైసెన్సు లేనివాళ్ళకు 16 శాతానికి మించిన నైట్రోమీథేన్ ఇంధనం అమ్మడం లేదు. అయినా ఆ వాసనకూ ఆ కూతకూ అలవాటుపడ్డవాళ్ళు మారరు.

సముద్రపు గాలి తగిలే మామిడికుదురులో ఈ కారు పెట్టుకునేవాడికి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి డబ్బా మూత బిగించి ఉంచాలి. ఆట అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజనులో రెండు చుక్కల నూనె వేసి, పెట్టె మీద నాలుగు చుట్లు తిప్పాలి. పెట్టెలోకి 12 వోల్టుల, 7 యాంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ వేసుకోవడం తేలిక దారి. రెండు కిలోలకు పైగా బరువుంటుంది, ఆ బరువుకే పెట్టె నేలమీద కదలకుండా కూర్చుంటుంది. వాడకపోయినా రెండు మూడు నెలలకోసారి చార్జి పెట్టాలి, లేదంటే పలకలమీద సల్ఫేటు పేరుకుని చచ్చిపోతుంది. అప్పుడు కొత్తది వేయాలన్నా కంప్యూటరు యూపీఎస్‌లో ఉండే రకమే కాబట్టి అమలాపురం దాకా వెళ్తే సరిపోతుంది.